తాబేలుగెడ్డ మీద గీత

అనకాపల్లి కొత్త జిల్లా అయిన రోజున జీలుగువాడలో త్రినాధరావు బాణసంచా కాల్చాడు. గెడ్డ అవతల గుమ్మడివలసలో ఎవరూ కాల్చలేదు, వాళ్ళు పాత జిల్లాలోనే ఉండిపోయారు కాబట్టి. అప్పటిదాకా ఈ రెండు ఊళ్ళ మధ్యా ఉన్నది తాబేలుగెడ్డ అనే చిన్న వాగు ఒక్కటే. ఎండాకాలంలో చెప్పులు చేత్తో పట్టుకుని దాటేస్తే మోకాలు కూడా తడవదు. ఆ గెడ్డ నడుమ నుంచి జిల్లా గీత పోయింది. గీత గీసినవాడు గెడ్డను చూసి ఉండడు. చూసి కూడా గీసి ఉంటే వాడి పాపం ఇంకా పెద్దది.

గెడ్డ మీద రాతి ఆనకట్ట ఒకటుంది. దానికి కుడిపక్క తూము నుంచి జీలుగువాడ కాలువ, ఎడమపక్క తూము నుంచి గుమ్మడివలస కాలువ బయల్దేరతాయి. ఒకరోజు వీళ్ళకు, మరునాడు వాళ్ళకు నీళ్ళు. తొలకరికి ముందు రెండు ఊళ్ళవాళ్ళూ దిగి కలిసి పూడిక తీసేవారు. ఈ ఏర్పాటుకు కాగితం లేదు, సంతకం లేదు. అంచేతే అది అన్నేళ్ళు నడిచింది.

త్రినాధరావు జీలుగువాడ నీటి సంఘానికి ప్రెసిడెంటు. సర్పంచి కావాలని నిలబడ్డప్పుడల్లా ఓడిపోయాడు. అవతల ఊళ్ళో చిన్నబ్బాయిదీ అదే కథ. ఇద్దరికీ తెల్ల చొక్కాలు చాలా ఉన్నాయి గానీ, వాటిని తొడుక్కుని వెళ్ళడానికి తగ్గ పదవి లేదు. జిల్లా గీత పడగానే ఇద్దరికీ ఒకేసారి దేశభక్తి పుట్టింది. త్రినాధరావు అనకాపల్లి వెళ్ళి విలేకరులకు టీలు పోయించి, "గెడ్డ పుట్టిన కొండ మా జిల్లాలో ఉంది. కాబట్టి ఆ నీరు మా జిల్లా సొత్తు. పక్క జిల్లాకు చుక్క వదలం" అని చెప్పాడు. ఆ కొండ పేరేమిటని ఒక విలేకరి అడిగితే పక్కనున్నవాడి మొహం చూశాడు. చిన్నబ్బాయి ఊరుకుంటాడా? ఆనకట్ట రాళ్ళు తమ సర్వే నంబరులో ఉన్నాయనీ, రాయి మీదా రాయి మీద ఆగిన నీటి మీదా హక్కు తమదేననీ ఫ్లెక్సీ కట్టించాడు. ఫ్లెక్సీలో ఆనకట్ట బొమ్మ వేలెడంత ఉంది. చిన్నబ్బాయి బొమ్మ నిలువెత్తున ఉంది.

ఈ ఇద్దరి మధ్యా ఉన్న మనిషి అప్పలకొండమ్మ. ఆమె గుమ్మడివలసలో పుట్టి జీలుగువాడకు కోడలుగా వచ్చింది. చిన్నబ్బాయి ఆమె తోడబుట్టిన తమ్ముడు, త్రినాధరావు ఆమె భర్తకు తమ్ముడు. అంటే ఈ శత్రు దేశాధినేతలిద్దరూ వరసకు బావలు. భర్త పోయిన దగ్గర్నుంచి అప్పలకొండమ్మ కొడుకు నానాజీతో కలిసి కాస్త వరీ కాస్త చెరకూ పండించుకుంటోంది. ఆమె ఒక్కతే అలా వచ్చింది కాదు. జీలుగువాడ కోడళ్ళలో సగం మంది గెడ్డ అవతల పుట్టినవాళ్ళు, గుమ్మడివలస కోడళ్ళలో సగం మంది ఇవతల పుట్టినవాళ్ళు. సరిహద్దు గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి ఏ మగాడికీ గుర్తు రాలేదు.

ఆ ఏడు పూడిక తీయలేదు. "ముందు వాళ్ళని దిగమను" అన్నాడు త్రినాధరావు. "ముందు వాళ్ళని అడగమను" అన్నాడు చిన్నబ్బాయి. ఇటువైపు నీటిపారుదల ఇంజనీరును అడిగితే, ఇది రెండు జిల్లాల వ్యవహారమనీ, అటువైపు ఇంజనీరు అభ్యంతరం లేదని రాసిస్తే గానీ తాను పార వేయించలేననీ చెప్పాడు. అటువైపు ఇంజనీరు కూడా సరిగ్గా అదే మాట చెప్పాడు. ఇద్దరూ ఒకే కాలేజీలో చదువుకున్నట్టున్నారు. తూముల ముందు మట్టి మేటవేసింది. దాని మీద గుర్రపుడెక్క పచ్చగా, బలంగా పెరిగింది. ఆ ఏడు ఆ చుట్టుపక్కల నిజంగా బాగా పండిన పంట అదొక్కటే.

వానలు మొదట్లో మోసం చేయలేదు. వరి పొట్ట మీదికి వచ్చే వేళకు మొహం చాటేశాయి. గెడ్డలో నీరు సన్నగిల్లింది. అప్పుడు త్రినాధరావు మనుషుల్ని పంపి ఎడమ తూము ముందు ఇసక బస్తాలు వేయించాడు. ఆ బస్తాలతో ఫోటో కూడా దిగాడు. అది తెలిసి చిన్నబ్బాయి కొడుకు అయ్యప్ప కుర్రాళ్ళను వెంటేసుకుని బస్తాలు లాగేయడానికి వచ్చాడు. కాపలాకని ఇటువైపు నుంచి పంపినవాళ్ళలో నానాజీ ఉన్నాడు. నానాజీకి ఈ గొడవంటే ఇష్టం లేదు. చిన్నాన్న మాట కాదనలేక వెళ్ళాడు.

మాటా మాటా పెరిగింది. అయ్యప్ప చేతిలో ఉన్న పారకర్ర నానాజీ తల మీద పడింది. మేనత్త కొడుకు తల పగలగొట్టి అయ్యప్ప ఆ కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పారిపోవాలన్న సంగతి కూడా వాడికి తోచలేదు. నానాజీని ఆటోలో అనకాపల్లి ఆసుపత్రికి తీసుకుపోయి కుట్లు వేయించారు. అయ్యప్ప మీద కేసు కట్టారు.

నానాజీ మంచం మీద ఉన్నన్నాళ్ళూ చిన్నబ్బాయి చూడడానికి రాలేదు. "పక్క జిల్లా ఆసుపత్రికి నేను వెళ్తే మా కేడర్‌కి తప్పుడు సంకేతం వెళ్తాది" అని కబురు పంపాడు. మేనల్లుడి తలకు తగిలిన దెబ్బ కన్నా కేడర్‌కు తగిలే సంకేతం అతనికి ముఖ్యం. ఆ కేడర్ అంటే టీ కొట్టు దగ్గర కూర్చునే నలుగురు. త్రినాధరావు మాత్రం వచ్చాడు. నానాజీ కట్టుతో ఉండగా పక్కన నిలబడి ఫోటో తీయించుకుని, యాపిల్ పళ్ళ సంచీ మంచం కింద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకు విశాఖపట్నం నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు అనకాపల్లిలో సదస్సు పెట్టారు. "ఉమ్మడి వనరులు, సరిహద్దు శాంతి" అని దానికి పేరు. గెడ్డ గొడవ పేపర్లో చదివి రెండు ఊళ్ళకూ చెరో బస్సు పంపారు. అప్పలకొండమ్మకు వెళ్ళాలని లేదు. తోటికోడలు దేముడమ్మ, అంటే త్రినాధరావు భార్య, బతిమాలి ఎక్కించింది. "నీళ్ళ గురించి ఏటో సెప్తారంట అప్పా, ఇందాం రా. అదీకాక భోజనాలున్నాయి" అంది.

కల్యాణమండపంలో వేదిక మీద పూలు, పూల వెనక కుర్చీలు, కుర్చీల్లో త్రినాధరావు, చిన్నబ్బాయి. ఇద్దరికీ శాలువాలు కప్పారు. ధనశ్రీ అనే అమ్మాయి, సంస్థ తరఫున వచ్చిన మనిషి, నదులు దేశాల్ని ఎలా కలుపుతాయో తెర మీద బొమ్మలు వేసి చెప్పింది. ఆ పిల్ల నిజాయితీగానే చెప్పింది. లోకంలో ఎక్కడెక్కడి నదులో చూపించింది. తాబేలుగెడ్డ ఎక్కడుందో ఆమెకు తెలియదు, అది ఆమె తప్పు కాదు. బస్సు పంపిన రోజున తానూ ఆ బస్సెక్కి ఒకసారి వచ్చి ఉంటే సరిపోయేది.

తర్వాత త్రినాధరావు మైకు తీసుకున్నాడు. నీటికి సరిహద్దులు లేవన్నాడు. చిన్నబ్బాయి లేచి, గాలికి కూడా లేవన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ పొద్దున్నే ఎడమ తూము ముందు ఇంకో వరస బస్తాలు వేయించి వచ్చినవాడు ఒకడు. కుడి కాలువ గట్టు తెగ్గొట్టడానికి జేసీబీ మాట్లాడి వచ్చినవాడు ఇంకొకడు.

భోజనాల వేళ అప్పలకొండమ్మ మంచినీళ్ళ కోసం వంటశాల వైపు వెళ్ళింది. అక్కడ గోడవారగా రెండు కుర్చీలు దగ్గరగా లాక్కుని బావా బావా కూర్చుని ఉన్నారు. మధ్యలో పెద్ద పళ్ళెం నిండా బిర్యానీ. చిన్నబ్బాయి ముక్క ఏరి త్రినాధరావు వైపు తోస్తున్నాడు. త్రినాధరావు ఏదో చెప్తున్నాడు, చిన్నబ్బాయికి నవ్వుతో పొలమారింది.

"ఏటిరా ఇది?" అంది అప్పలకొండమ్మ.

చిన్నబ్బాయి ఉలిక్కిపడ్డాడు. వెంటనే తేరుకుని, "కూకో అప్పా. తిన్నావా? బిర్యానీ బాగుంది" అన్నాడు.

"నా కొడుకు తల పగిల్తే సూడ్డానికి రాలేదు నువ్వు. ఏటో సంకేతం ఎల్లిపోద్దన్నావు. ఈడి పళ్ళెంలో సెయ్యెడితే ఎల్లదేటి సంకేతం?"

"వదినా, గట్టిగా అనకు" అన్నాడు త్రినాధరావు అటూ ఇటూ చూస్తూ. "నీకు రాజకీయం తెల్దు. ఎలచ్చన్లొత్తన్నాయి. ఊరంతా ఒక మాట మీదుండాలంటే అవతల ఒకడుండాలి. నాకు బావ ఉన్నాడు, బావకి నేనున్నాను. మాకు ఒకలి మీద ఒకలికి ఏటీ కోపం లేదు."

"కోపం లేదా?"

"లేదమ్మా. ఎలచ్చన్లయిపోగానే బస్తాలు తీసేత్తాను. ఇద్దరం అనీసుకున్నాం."

"ఎలచ్చన్లెప్పుడు?"

"ఇంకా డేటు రాలేదు."

"వరి పొట్ట మీదుంది. దానికి డేటొచ్చీసింది" అంది అప్పలకొండమ్మ. "మీకు కోపం లేదు సరే. లేని కోపానికి నా కొడుకు తల ఎందుకు పగిలిందిరా? మీ కోపాలు ఉత్తుత్తివి, ఆడి కుట్లు ఉత్తుత్తివి కాదే!"

ఇద్దరూ తలలు పక్కకు తిప్పారు. సిగ్గుతో అనుకుంటే పొరపాటు. ఇంకెవరైనా విన్నారేమోనని చూసుకుంటున్నారు.

ఆమె అన్నం తినలేదు. బయటికి వచ్చి తన ఊరి బస్సు దాటి గుమ్మడివలస బస్సెక్కింది. ఆ బస్సులోని ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. ముందు సీట్లో చిన్నబ్బాయి భార్య కామేశ్వరమ్మ కూర్చుని ఉంది. కొడుకు కొట్టిన దెబ్బ తర్వాత వదినా మరదళ్ళు ఒకరికొకరు ఎదురుపడడం అదే మొదలు. కామేశ్వరమ్మ కళ్ళు దించుకుంది.

"వదినా, మావోడు..." అని మొదలుపెట్టింది.

"మీవోడి మాట ఎత్తకు" అంది అప్పలకొండమ్మ. "నాకు ఆడి మీద కోపం పోలేదు. పోద్దని కూడా నేను సెప్పను. నీళ్ళ మాట సెప్పడానికొచ్చేను, ఇను."

వంటశాల దగ్గర చూసిందీ విన్నదీ చెప్పింది. ఏదీ పెంచలేదు, తగ్గించలేదు. చెప్తున్నంతసేపూ కామేశ్వరమ్మ ముందు సీటు కమ్మీని పట్టుకుని కూర్చుంది. ఆమె కొడుకు వాయిదాలకు తిరుగుతున్నాడు. పోలీసు స్టేషన్ బయట వేపచెట్టు కింద ఆమె ఎన్ని పూటలు కూర్చుందో ఆమెకే తెలుసు. ఇదంతా తన భర్త బిర్యానీ పళ్ళెం పక్కన "అనీసుకున్న" ఆట అని ఇప్పుడు తెలిసింది.

"ఏటి సేద్దాం?" అంది చివరికి.

"తూములు తెరుద్దాం. రేపు పొద్దున్న."

"మగాళ్ళు?"

"ఆల్ల సదస్సు ఆల్లు సూసుకుంతారు."

ఆ రాత్రే అప్పలకొండమ్మ గెడ్డ దాటి వచ్చి దేముడమ్మకూ మిగతా జీలుగువాడ ఆడవాళ్ళకూ అదే చెప్పింది. మరునాడు తెల్లారగానే ఆడవాళ్ళు పారలూ తట్టలూ కొడవళ్ళూ పట్టుకుని రెండు గట్ల నుంచీ దిగారు. అందరూ ఒకే మనసుతో దిగారనుకోవద్దు. మొదటి గంటంతా తగవే. ముందు ఏ తూము తియ్యాలని తగవు, గుర్రపుడెక్క ఎవరి గట్టు మీద పోయాలని తగవు. జీలుగువాడ మరిడమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని, "కొండ మనది కదేటి అప్పలకొండమ్మా, సగం సగం అంటే ఎలాగ?" అంది. త్రినాధరావు ఉపన్యాసం ఆమెకు బాగా పట్టింది.

"కొండ నీదైతే ఎత్తుకుపోవే" అంది అప్పలకొండమ్మ. "పోయి మీ పెరట్లో ఎట్టుకో. అక్కడ్నించి పారిత్తే ఎవులూ అడగరు."

అందరూ నవ్వారు. మరిడమ్మ నవ్వలేదు గానీ తట్ట అందుకుంది.

రెండు కాలువల చివరా ఉన్న శివారు పొలాలకు ముందు నీళ్ళు పోవాలని తేల్చుకున్నారు. ముందు ఎండిపోయేవి అవే. ఆ తర్వాత ఎప్పటిలా రోజు మార్చి రోజు. ఇసక బస్తాలు లాగి, ఆనకట్టకు ఒక పక్క చిన్న గండి పడి ఉంటే అక్కడ వాటినే అడ్డం వేశారు. త్రినాధరావు ఫోటో కోసం వేయించిన బస్తాలకు మొదటిసారి ఒక పని దొరికింది.

కబురు తెలిసి మగాళ్ళు వచ్చారు. ఇటు గట్టు మీద త్రినాధరావు, అటు గట్టు మీద చిన్నబ్బాయి, వెనక చెరికొంతమంది. త్రినాధరావు గట్టు మీద నుంచే అరిచాడు.

"వదినా! ఇది అంతర్ జిల్లా సమస్య! మీ ఇష్టమొచ్చినట్టు తవ్వితే చట్టం ఊరుకోదు!"

"దిగి సెప్పు" అంది ఆమె. "అక్కడ్నించి ఇనపడ్డం లేదు."

అతను దిగలేదు. చొక్కా తెల్లది. తన మనుషుల్ని దిగమన్నాడు. వాళ్ళు గెడ్డలోకి చూశారు. బురదలో ఒకడి అమ్మ ఉంది, ఒకడి అత్త ఉంది, ఒకడి భార్య ఉంది. పొత్తికడుపు దాకా బురదలో దిగి గుర్రపుడెక్క లాగుతున్న దేముడమ్మ మొగుణ్ణి చూసి, "ఒడ్డు మీద నిలబడి ఏటి సేత్తావు? ఇంటికెల్లి అన్నం వండు. ఈయాల మేం ఆలిస్యంగా వత్తాం" అంది. అటు గట్టు మీద కూడా ఎవరూ కదల్లేదు. కామేశ్వరమ్మ మొగుడి మొహం వైపు చూడనే లేదు. ఆమె చూసి ఉంటే చిన్నబ్బాయి ఏదో ఒకటి అనేవాడు. చూడకపోయేసరికి ఏమనాలో తెలియలేదు.

ఇద్దరు నాయకులూ పోలీసులకు ఫోను చేశారు, ఎవరి స్టేషన్‌కు వాళ్ళు. రెండు జీపులు వచ్చాయి. తగవు గెడ్డ మధ్యలో ఉంది కాబట్టి అది ఎవరి పరిధిలోకి వస్తుందని ఇద్దరు ఎస్సైలూ మాట్లాడుకున్నారు. ఆనకట్ట నడుమ రాయి దాకా మీది, అక్కడ్నుంచి మాది అన్నాడొకడు. నడుమ రాయి ఏదని అడిగాడు ఇంకొకడు. ఫోనులో పటం తీశారు. సిగ్నల్ లేదు. సిగ్నల్ కోసం గట్టెక్కారు. వాళ్ళు గట్టెక్కి దిగేలోపల ఎడమ తూము పూర్తిగా తెరుచుకుంది. నల్లటి నీరు ముందు బుడబుడమని వచ్చి, తర్వాత తేరుకుని, కాలువలోకి వంపు తిరిగింది. ఎవరూ ఎవరినీ కొట్టలేదు కాబట్టి పోలీసులకు రాయడానికి ఏమీ దొరకలేదు. ఒక కానిస్టేబులు చెప్పులు విప్పి కాళ్ళు కడుక్కున్నాడు.

నానాజీ తల మీది కట్టుతో కాసేపటికి వచ్చాడు. అయ్యప్ప అటువైపు గట్టు కింద ఒంటరిగా మట్టి ఎత్తిపోస్తున్నాడు. వాణ్ణి ఎవరూ పిలవలేదు, తానే వచ్చాడు. బావను చూసి పార ఆపాడు.

"బావా" అన్నాడు.

నానాజీ మొహం తిప్పుకుని తట్ట ఎత్తబోయాడు. వంగబోతే తల తిరిగి గట్టు మీద కూర్చున్నాడు. అప్పలకొండమ్మ చూస్తూనే ఉంది. నీళ్ళు తిన్నగా పారుతున్నాయి. కొడుకు మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. ఆ మనసు పార పెట్టి తెరిచే తూము కాదని ఆమెకు తెలుసు. అందుకే వాళ్ళిద్దరి మధ్యా ఒక మంచి మాట వేయాలని కూడా ప్రయత్నించలేదు.

ఆ పంట కాలమంతా వంతు తప్పలేదు. ఎవరి రోజున ఎవరు తూము దగ్గర ఉండాలో ఆడవాళ్ళే చూసుకున్నారు. వాళ్ళలో వాళ్ళు తిట్టుకున్నారు, అలిగారు, మళ్ళీ వచ్చారు. కర్ర మాత్రం ఎవరూ ఎత్తలేదు. మగాళ్ళు కూడా మెల్లగా ఒక్కొక్కరే పార పట్టుకుని రావడం మొదలుపెట్టారు, దారిన పోతూ పోతూ వచ్చామన్నట్టుగా మొహాలు పెట్టుకుని.

ఎన్నికల డేటు ఎంతకీ రాలేదు. కానీ గెడ్డ దగ్గర రాజీ కుదిరిందన్న వార్త అనకాపల్లి దాకా వెళ్ళింది. ధనశ్రీ కెమెరా మనిషిని వెంటబెట్టుకుని జీలుగువాడ వచ్చింది. ఈసారి నిజంగానే గెడ్డ దాకా నడిచింది. అప్పలకొండమ్మ తూము దగ్గర ఉంటే కెమెరా ఆమె వైపు తిప్పించి, "ఈ శాంతి ప్రక్రియ ఎలా మొదలైందమ్మా?" అని అడిగింది.

"శాంతీ లేదు గీంతీ లేదమ్మా" అంది అప్పలకొండమ్మ. "నా మేనల్లుడికీ నా కొడుక్కీ మాటల్లేవు. నాకూ నా తమ్ముడికీ మాటల్లేవు. వరి ఎండిపోతంటే మట్టి తీసేం. మీరు మా మరిదికీ మా తమ్ముడికీ సాలువాలు కప్పేరు కదా, ఆ రోజు ఆల్లు వంటింటి ఎనకాల ఏటి మాట్లాడుకున్నారో సెప్పమంతావా?"

ధనశ్రీ చెప్పమంది. అప్పలకొండమ్మ మొత్తం చెప్పింది. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "ఇది వాడుకోవచ్చా అమ్మా?" అని అడిగింది. వాడుకోమంది ఆమె.

వాడుకోలేదు. ధనశ్రీ పైవాళ్ళకు పంపితే, ఇది స్ఫూర్తిదాయకంగా లేదని తిప్పి పంపారట. ఆ మాట ఆ అమ్మాయే ఫోను చేసి చెప్పి, క్షమించమని అడిగింది. చివరికి సంస్థ వేసిన పుస్తకం అట్ట మీద త్రినాధరావు, చిన్నబ్బాయి ఆనకట్ట మీద నిలబడి చేతులు కలుపుకుంటున్న ఫోటో వచ్చింది. ఇద్దరూ కొత్త చొక్కాలు వేసుకున్నారు. వాళ్ళ కాళ్ళ కింద నీరు పారుతోంది. ఆ నీటిని అటు పంపిన చేతులు ఫోటోలో ఎక్కడా లేవు. దేముడమ్మ ఆ పుస్తకం తెచ్చి తోటికోడలికి చూపించింది.

"సూసేవా అప్పా? ఈళ్ళే సేసేరంట."

అప్పలకొండమ్మ అట్ట వైపు చూసి, "సొక్కాలు బాగున్నాయి" అంది.

ఆమె పొలంలో పై మళ్ళన్నీ నిలిచాయి. చివరి మడి మాత్రం, నీళ్ళు చేరే వేళకే ఎండిపోయి ఉండడం వల్ల, తాలు తప్ప గింజ పట్టలేదు. కోతలయ్యాక దాన్ని దున్నించి మినుములు చల్లింది. గుమ్మడివలస నుంచి కామేశ్వరమ్మ విత్తనాల మూట నెత్తిన పెట్టుకుని గెడ్డ దాటి తెచ్చింది. ఇద్దరూ మడి రెండు చివరల నుంచి చల్లుకుంటూ వచ్చారు. కొడుకుల మాట ఎత్తలేదు. వచ్చే తొలకరికి పూడిక ఎప్పుడు మొదలెట్టాలన్న దాని మీద మాత్రం, మూట ఖాళీ అయ్యేదాకా వాదించుకున్నారు.